దిక్కుమాలిన కొంప

ఈ రేవు నుంచి ఆ రేవుకి పంటు మీద పద్దెనిమిది నిమిషాలు.
సరంగు లోవరాజు చుక్కాని పడతాడు, నేను టిక్కెట్లు చింపుతాను.
వైనతేయ నడిమికి రాగానే
జనమంతా ఎడంపక్కకి జరుగుతారు,
పంటు కూడా రవ్వంత ఒరుగుతుంది.
అదిగో, మేడిశెట్టి వీరవేణి ఇల్లు.

గట్టుకీ నీళ్ళకీ మధ్య
పన్నెండు ఇనప కాళ్ళ మీద లేచి నిలబడింది.
రంగెయ్యని రేకు ఒళ్ళంతా.
ఏటివైపు మొహానికి ఒకటే కన్ను, గుండ్రటి అద్దం.
ప్రహరీ లేదు, గడపకి పసుపు లేదు,
ఒక గోడైతే నిటారుగా కూడా లేదు.

"ఇల్లేంటండీ బాబూ, లారీ డబ్బాకి కాళ్ళొచ్చినట్టుంటేనూ!"
అంటాడు కొబ్బరి దింపు ఏసేబు.
"తుప్పు పట్టాలనే రంగెయ్యలేదంట, ఆయ్"
అని వెనకనుంచి ఎవరో.
వాస్తు సోమయాజులుగారు దోషాలు లెక్కెడుతూ
వేళ్ళన్నీ మడిచేసి, ఇంక వేళ్ళు లేక
కండువా దులుపుకుని కూర్చున్నారు.
"మొగుడి మాట వినే ఆడది కట్టే ఇల్లా అది?"
అందొక పెద్దావిడ.
పక్కనున్న కోడలు ఏమీ అనలేదు,
అద్దం కనుమరుగయ్యేదాకా చూసింది.
ఒక పిల్ల మాత్రం నా చొక్కా లాగి
"అందులో ఎక్కాలంటే టిక్కెట్టెంత?" అనడిగింది.

మా పంటుకి చిల్లుపడితే మాటేసేది వీరవేణే.
పగలు పడవలకి అతుకులు, రాత్రి తన ఇంటికి.
నాలుగేళ్ళు. నీలం మెరుపులు చూసి
మొదట్లో కుక్కలు మొరిగేవి,
తరవాత అవీ మానేశాయి.

శ్రావణంలో మూడో హెచ్చరిక ఎగరేసినప్పుడు
ఊరంతా గట్టెక్కింది,
ఇల్లు పోతుందా ఉంటుందా అని.
పందేలు కూడా కాశారు. నేనూ వంద పెట్టాను,
ఏ వైపో చెప్పను.
ఎర్రనీళ్ళు పదో మెట్టు దాకా వచ్చాయి.
గుర్రపుడెక్క, ఎవరిదో పాక కప్పు, చచ్చిన దూడ,
అన్నీ కాళ్ళ సందులోంచి సముద్రానికెళ్ళిపోయాయి.
"ఈసారి వరద చిన్నదిలే" అన్నారు
డబ్బులు పోయినవాళ్ళు.

ఒక మధ్యాన్నం షాఫ్టు విరిగి
ఆవిణ్ణి పిలవడానికి నేనే మెట్లెక్కాను.
లోపల ఏమీ లేదు. ఒక మంచం, ఒక పొయ్యి,
సీలింగంతా పాకుతున్న ఏటి వెలుగు.
నోరు జారి అడిగేశాను,
ఆ గోడ ఎందుకలా వంచారని.
"వంచలేదు. నాలుగో కాలు దగ్గర కొలత తప్పాను.
మూడు రోజులు అన్నం సయించలేదు.
తరవాత అద్దం అక్కడే పెట్టేశాను" అంది.
చేతులు తుడుచుకుంటూ,
"పంటు మీద ఏమనుకుంటున్నారు?" అంది.
"బాగుందంటున్నారు" అన్నాను.
టిక్కెట్టు లేకుండా ఏరు దాటిన అబద్ధం అది.
ఆవిడ నవ్వింది.
"ఏసేబుతో చెప్పు, తూర్పు గోడ నిజంగా లారీ డబ్బాదే."

ధనుర్మాసంలో ఒక తెల్లవారుజాము ఆఖరి మాట చెప్పాలి.
మంచు. ఒడ్డు లేదు, ఏరు లేదు,
నా చేతిలో టిక్కెట్ల కట్ట కూడా నాకు కనపడదు.
పాల క్యాన్లు, పరీక్షకెళ్ళే ఇద్దరు పిల్లలు,
పురిటి నొప్పులతో ఒక మనిషి.
ఇంజను ఆపి లోవరాజు
చెవి నీళ్ళకేసి పెట్టాడు.
ఏమీ వినపడలేదు.

అప్పుడు ఎడంపక్కన, తెల్లటి దాంట్లో,
గుండ్రంగా, కాచిన నెయ్యి రంగులో ఒక వెలుగు.
ఆవిడ టీ పెట్టుకుంటోంది కాబోలు.

ఈ నాలుగేళ్ళలో ఆ ఇంటిని
లోవరాజు తిట్టినంత ఇంకెవరూ తిట్టలేదు.
ఇప్పుడూ తిట్టాడు.
"దిక్కుమాలిన కొంప" అని గొణుక్కుంటూ
ఆ కొంప దిక్కుగా చుక్కాని తిప్పాడు.

రేవు తగిలింది.