కుడి మూల పగులు

ఎత్తు కొలవను నా దగ్గర టేపు లేదు.
వాకిట్ల నిలబడి పిలుస్త,
దర్వాజ కింద తల వంచి బయటికొచ్చే పిల్ల కావాలె నాకు.

పరకాల బస్టాండుల ఒక ఎండపూట
బస్సు మీదికి మిరపకాయ బస్తా అందించే చేతులు చూసిన.
మునివేళ్ల మీద లేవకుండనే అందినయి.
పేరు గుగులోత్ జమున.
ఇంటరు పాసై ఏడాది, ఎక్కడా చేరలే.
"బాస్కెట్‌బాల్ ఆడుతవా బిడ్డా?"
"ఆడితే ఎంతిస్తరు మేడం?"

ఎంతిస్తం.
దినాం రెండు గుడ్లు, అవీ
మెకానిక్ సదానందం ఖాతాల.
ముగ్గురు తొడిగి ఇడిసిన బూట్లు.
రింగుకు వల సుత కాలేజీ కొన్నది కాదు,
చలివాగుల చేపలు పట్టే ఐలయ్య అల్లిచ్చిండు.

తండాకు నాలుగుమాట్ల పోయిన.
మొదటిసారి ఇంటికి తాళం.
రెండోసారి వాళ్ల బాపు లెక్క చెప్పిండు:
పత్తి ఏరితే కిలోకింత, మధ్యాహ్నానికి ఇన్ని కిలోలు,
బంతి ఎగిరేస్తే?
నోటి లెక్కల నేను ఎప్పుడూ ఓడిపోతనే ఉంట.
మూడోసారి చాయ్ పోసిండ్రు.
నాలుగోసారి ముసలామె నా కాన్వాసు బూట్లు చూసి
కడుపు పట్టుకొని నవ్వి
వాళ్ల భాషల ఏదో అన్నది.
ఏమన్నదో ఇప్పటికీ తెల్వది.
తెల్లారి పిల్ల కాలేజీ గేటు కాడ ఉన్నది.

మా కోర్టు కుడి మూల పగిలి ఉంటది.
సిమెంటు లేచి, సందుల గరిక మొలిచి.
మొదటి వారమే జమున కాలు అండ్ల మడతపడ్డది.
ఇగ అప్పటిసంది ఎడమకే.
ఎడమ నుంచి లేచి ఇడిస్తే
ఐలయ్య వలల బంతి పడ్డ చప్పుడు
చేప మళ్ల నీళ్లల్లకు జారినట్టుండేది.

రెండేండ్లు.
మూడో ఏడు హన్మకొండ నుంచి తెల్ల కారొచ్చింది.
హాస్టలు, ఫీజు మాఫీ, చెక్కనేల కోర్టు,
డబ్బా ఇప్పని బూట్లు.
"మీరు పొమ్మంటేనే పోత మేడం" అన్నది.
తెలివిగల్ల పిల్ల, బరువు నా నెత్తిన పెట్టింది.
ప్రిన్సిపాల్ ఊరికి పోతాంటే ఉరికి
టీసీ మీద సంతకం నేనే పెట్టించిన.

ఉన్నోళ్లు సుత ఉన్నట్టు కాదు.
దీపావళి దాటితే సగం టీము చేన్లల్లనే.
సాయంత్రం వచ్చినోళ్ల వేళ్లకు
పత్తికాయ గీరిన గీతలు,
బంతి పడితే సుర్రుమంటదట.
ఇంకోదానికి పెండ్లిచూపులు. ఇంకోదానికి కానిస్టేబుల్ కోచింగు.
నేను రాసే పన్నెండు పేర్లల్ల
పెన్సిల్‌తోని రాసినయే ఎక్కువ.

డిసెంబర్ల యూనివర్సిటీ గ్రౌండు.
నీలం జెర్సీల జమున, మాకు ఎదురుంగ.
సగం ఆటకు పదకొండు పాయింట్లు వెనుక ఉన్నం.
నీళ్ల సీసా మూత తిప్పుకుంట చెప్పిన:
"అది కుడికి పోదు. ఎడమ మూసేయిండ్రి."
రవళి నా మొఖం చూసింది.
"జమునక్కనా, మేడం?"
"ఆ. జమునక్కనే."

మూడుమాట్ల ఆపిండ్రు.
నాలుగోసారి అది బంతి కొట్టుకుంటనే
మా బెంచీ దిక్కు చూసింది.
ఎవలు చెప్పిండ్రో ఎరికైంది.
పెదవి ఒక్క పక్కకే నవ్వింది.
కుడికాలు ముందుకు పెట్టింది,
చీకట్ల మెట్టు దేవులాడినట్టు, మెల్లగ.
అక్కడ పగులు లేదు.
ఇగ ఆగలే.

తొమ్మిది పాయింట్లతోని ఓడిపోయినం.
ఆ బంతి పడ్డప్పుడు
నా చేతులు చప్పట్లు కొట్టినయి.
నేను కొట్టలే, అవే కొట్టినయి.
రవళి చూసింది.
మూడు దినాలు నాతోని మాట్లాడలే.

ఆదివారం సదానందం అర్ధబస్తా సిమెంటు కలిపిండు.
గరిక పీకి, పోసి, పలుగుతోని సాపు చేసి
చుట్టూ ముండ్లకంప పెట్టినం.
పొద్దుగాల చూస్తే
ముండ్లు దాటి ఏదో కుక్క నడిచిపోయింది,
అడుగులు గట్టిపడ్డయి.

ప్రాక్టీసుకు ఆరుగురు వచ్చిండ్రు.
రవళి ఆ అడుగుల మీద బూటు ఆనించి చూసి
"ఇది గూడ కుడికే పోయింది మేడం" అన్నది.