నడి నీళ్ళు

సిరోంచ బస్టాండు ఎదురుగా నా జిరాక్సు దుకాణం.
సాతబారా నకళ్ళు, కులం సర్టిఫికెట్లు,
వడ్ల బోనసు ఫారాలు.
ఆకాశం సంగతి అడగడానికి ఎవరూ రారు.

కొండగొర్ల బక్కన్న వచ్చి
చెప్పులు బయట విడిచి,
మిషనుకు కూడా ఆయన గుడి మర్యాదే ఇస్తాడు,
"ఢిల్లీకెళ్ళి మద్రాసుకు ఎంత దూరం బిడ్డా,
గాలిమోటరు మీద?" అన్నాడు.

"ఎవరన్నా పోతున్నరా?"
"ఎవ్వరు పోతలేరు.
రోజు రాత్రి తొమ్మిది దాటినంక
నా మిరపచేను మీదికెళ్ళి ఒకటి పోతది.
ఎర్రదీపం ఒకటి, తెల్లదీపం ఒకటి.
ఏడ ఎక్కినోళ్ళో, ఏడ దిగుతరో
ఎరుక లేకుంటే నిద్ర పడతలేదు."

వెతికాను. కరెంటు ఒకసారి పోయి వచ్చింది.
పదిహేడు వందల అరవై కిలోమీటర్లు.
రెండు గంటల యాభై నిమిషాలు.

వేళ్ళు మడిచాడు, విప్పాడు.
"మన గడ్చిరోలి?"
రెండు వందలు. ఎర్ర బస్సులో
ఆల్లపల్లి గుంతలు కలుపుకొని ఏడు గంటలు,
వాగు పొంగితే రేపు.
నవ్వలేదు.
ముప్పై ఒక్క ఏళ్ళు అర్జునగుట్ట రేవులో నావ వేసి
బ్రిడ్జి పడ్డాక
తెడ్డును పందిరిగుంజ చేసి
బీరతీగ పాకించినవాడు.

"మన ప్రాణహిత మీద ఎంతసేపుంటది?"
ఇది కంప్యూటరుకు తెలియదు.
కరెంటు బిల్లు వెనక పెన్నుతో లెక్క వేశాను.
ఏటి వెడల్పు కిలోమీటరు అనుకుంటే
నాలుగున్నర సెకన్లు.

చాలాసేపు మాట్లాడలేదు.
ఎండాకాలం ఇరవై నిమిషాల ఏరు ఆయనకది,
వానాకాలం గంట.
ఒకసారి, దుర్గం లచ్చుబాయి నొప్పులు పడుతుంటే,
ఒడ్డు కనబడేలోపే
నావలో ఒక మనిషి పెరిగింది.
ఆ పిల్లకు ఏ రాష్ట్రం రాయాలో తెలియక
రెండు ఒడ్ల దవాఖానాలూ
కాగితం అటూ ఇటూ తోశాయి.

"నడి నీళ్ళల్ల కిరాయి అడగొద్దు బిడ్డా,
మా నాయిన చెప్పిండు.
మనిషి ఈ ఒడ్డోడు కాదు, ఆ ఒడ్డోడు కాదు,
గప్పుడు పైసలు ముట్టొద్దు.
గాలిమోటరోళ్ళు నడిమిట్ల ఏమన్న అడుగుతరా?"

నేనెప్పుడూ ఎక్కలేదు.
ముందే తీసుకుంటారంట, అన్నాను.
"మంచిదే" అన్నాడు తేలికపడ్డట్టు.

ప్రింటు తీసిచ్చాను.
గడప దాటి, చెప్పులు వేసుకుని,
అప్పుడు వెనక్కి వంగి
పది రూపాయలు నా చేతిలో పెట్టాడు.

రాత్రి షట్టరు దించి తల ఎత్తాను.
ఢిల్లీదో, మరెక్కడిదో,
నా లెక్కే తప్పో.
ఎర్రది, తెల్లది.
ఒకటి, రెండు, మూడు,
నాలుగు అనేలోపు తెలంగాణలోకి పోయింది.
లోపల కిటికీ పక్కన ఎవరో
కింద ఏమీ లేదనుకుంటూ ఉంటారు.

ఏటి దిక్కున ఒక టార్చి
రెండుసార్లు వెలిగి ఆరింది.
అడవిపందుల కోసమో,
అవతలి ఒడ్డుకు నావ వస్తోందని చెప్పే
పాత గుర్తో.
రేపు అడగాలి.