తొమ్మిది ఆర్జినిన్‌లు

ఇచ్ఛాపురం దాటొచ్చిన పార్సిలు
బరంపురం స్టేషన్లో మూడు గంటలు ఎండలో పడి ఉంది.
మంచు పొగ సగం పోయింది.
ఝిల్లీ బిసోయీ, నేనూ
ఆటోలో చెరో పక్కా పట్టుకుని
గుంత వచ్చినప్పుడల్లా ఒకేసారి పైకెత్తుతూ
లాబ్‌కి తెచ్చుకున్నాం.

సీసాలో చిటికెడు ఎర్రమన్ను రంగు పొడి.
ఊదా వెలుగు పడితే ఎర్రగా వెలుగుతుంది,
ఆక్సిజన్ తగిలితే ఆరిపోతుంది.
అంతే దాని విద్య.
ప్రాణవాయువు దండిగా ఉన్న చోట తొందరగా,
కరువైన చోట కాస్త నిదానంగా.
ఎంతసేపు నిలిచిందో కొలిస్తే
లోపల ఊపిరెంతుందో తెలుస్తుంది.

లోపలికి వెళ్తే కదా.

కణానికి గోడ లేదు, కొవ్వు పొర ఉంది.
నూనె చేతి మీద నీళ్ళబొట్టులా
మా పొడి దొర్లి దొర్లి బయటే ఉండిపోయింది
రెండు నెలలు.
కడిగితే పళ్ళెంలో ఏమీ మిగల్లేదు.
నలభై చీకటి ఫోటోలు. ఒక్కోదానికీ తేదీ వేశాను.

మా నాయనమ్మ ఆదెమ్మ
మగ్గాల వీధి నుంచి పట్టుచీరలు మూటగట్టి
పెద్దిళ్ళకు మోసేది.
చీర ఎంత మంచిదైనా తనంత తాను గడప దాటదే, అనేది.
ఒడియా ఇంటి ముందు "భల అఛ మా?"
తెలుగు ఇంటి ముందు "ఓలమ్మా, పిల్ల లేచిందేటి?"
ముందు మాట వెళ్ళేది,
మాట వెనక మూట,
మూట వెనక తను.

అలాంటి మాటనే ఈసారి తెప్పించాం.
ఆర్జినిన్ పక్కన ఆర్జినిన్, తొమ్మిది,
ఒకే పూసని తొమ్మిదిసార్లు గుచ్చిన పోగు.
కొసకి మా పొడి ముడివేసి ఉంది.
పొర మీద ఋణావేశం, పోగు మీద ధనావేశం,
ఇంతకు మించి చుట్టరికం అడగలేదు కణం.
వంగింది. లోపలికి తీసుకుంది.

ఝిల్లీ ఒడియాలో గట్టిగా ఏదో అరిచింది.
నేను మైక్రోస్కోపు నుంచి కన్ను తియ్యలేదు.
వెలుగుంది.
కాని చుక్కలు చుక్కలుగా,
ఒక్కో చుక్కా ఒక్కో చిన్న సంచిలో.
రమ్మని పిలిచి
వసారాలో కూర్చోబెట్టింది.

అది నాకు తెలిసిన చోటే.
గుంజ పక్కన, ఆదెమ్మని ఆనుకుని,
నాకు అప్పుడు ఆరేళ్ళు.
చీరలు లోపలి గదుల్లోకి వెళ్ళేవి,
చేతులు మారేవి, నవ్వులు వినబడేవి.
మాకు మంచినీళ్ళు ఎత్తు నుంచి పోసేవాళ్ళు.
దోసిట పట్టాలి.
మోచేతుల దాకా తడిసిపోయేది గౌను.

సంచి పగలాలి, అంది ఝిల్లీ.
మళ్ళీ ఐదు నెలలు.
మోతాదు పెంచితే కణాలు చచ్చాయి,
తగ్గిస్తే ఏమీ కనబడలేదు,
నాలుగు డిగ్రీల చలిలో తలుపే తియ్యలేదు.
పోగుకి ఒక హిస్టిడిన్ కలిపించాం,
తర్వాత రెండు, తర్వాత మూడు.
సంచిలో పులుపెక్కేకొద్దీ
హిస్టిడిన్ కూడా ధనావేశం పుంజుకుంటుంది,
కూర్చున్నది లేచి నిలబడుతుంది.

ఐదో దాని దగ్గర, కరెంటు రెండుసార్లు పోయొచ్చిన రాత్రి,
చుక్కలు కరిగాయి.
కణం నిండా పలచగా ఎరుపు,
అద్దకం తొట్టిలో మొదటి ముంపులా.

తర్వాత కణాల ఉండలో పెట్టి చూశాం.
అంచున వెలుగు తొందరగా ఆరింది.
నడిమధ్యన ఆరకుండా నిలిచింది.
ఎంత బాగుందో, అంది ఝిల్లీ.
ఊపిరందని చోటు అది, అన్నాను.
తను తలూపింది, కళ్ళు మాత్రం తిప్పుకోలేదు.
నేనూ తిప్పుకోలేదు.

నలభై ఒక్క మైక్రోసెకన్లు.
పుస్తకంలో తను రాసింది, కింద నేను సంతకం పెట్టాను.

కరిగింది మూడో వంతే.
మిగతావి ఇంకా వసారాలోనే ఉన్నాయి.
ఆరో హిస్టిడిన్ పార్సిలు
గురువారానికి ఇచ్ఛాపురం దాటుతుందట.