సెలవులో ఉన్న చెయ్యి

కంచిలి సంత దాటి, రైలు గేటుకి ఇవతల
లోకనాథం వెల్డింగు షెడ్డు.
రేకుల మీద కొబ్బరి మట్ట పడితే
లోపల అందరం ఒకసారి తలెత్తి
మళ్ళీ దించేసుకుంటాం.

ఇరవై ఒక్క రోజుల సెలవు నాది.
పద్నాలుగు అయిపోయాయి.
ఏడు మిగిలాయని అనుకోవడం లేదు.
పదిహేనో రోజునుంచే పెట్టె బరువు తూచడం మొదలవుతుంది.

నిన్న రాత్రి పదకొండింటికి ఫోను.
అక్కడ, హాలిఫాక్స్‌లో, మధ్యాహ్నం.
ఫోర్‌మన్ గొంతు మర్యాదగానే ఉంది.
"సోమవారం షిఫ్టుకి ఉంటావుగా?"
ఉంటాను అన్నాను.
అతను మళ్ళీ అడగలేదు.
నేనే మూడుసార్లు చెప్పాను.

పీఆర్ కోసం కంపెనీ పెట్టిన కాగితంలో
నేను ఒక్క వాక్యం:
ఈ యార్డు, ఈ పని, ఈ జీతం, వారానికి నలభై గంటలు.
ముప్పై తొమ్మిదయితే
ఆ వాక్యంలో నేనుండను.
జ్వరం వచ్చిన చలికాలం
దగ్గుని మఫ్లరులో దాచుకుని, దొంగ సరుకులా,
తెల్లారగట్ల నాలుగున్నరకే బస్సు కోసం నిలబడ్డాను.
వీధి చివర పాస్టరు తన ఇనప గేటు అతికి పెట్టమంటే
చేతులు వెనక్కి పెట్టుకున్నాను.
"మా కంపెనీకి తప్ప ఇంకెవరికీ అతకకూడదండీ."
ఆయన నవ్వాడు.
నేను నవ్వలేదు.

ఇప్పుడు దమయంతి వచ్చింది,
జీడిపిక్కలు కాల్చే డ్రమ్ముని ఆటోలో పడుకోబెట్టి.
ఇరుసు దగ్గర తెగిపోయింది.
"పన్నెండు మంది ఆడోళ్ళు కూకున్నారు బావూ,
పిక్క కాలకపోతే ఒలిసేదేటి?
పలాస షావుకారు బయానా ఇచ్చీసినాడు,
లక్ష్మివారానికి సరుకు తూసియ్యాల."

లోకనాథం కుడిచేతికి కట్టు.
గ్రైండరు చక్రం పగిలి ఆరు కుట్లు.
అతను నావైపు చూశాడు.

"నాను సెయ్యకూడదు," అన్నాను.
"ఏటి సెయ్యకూడదు?"
"పని."
"ఇక్కడెవుడు సూత్తాడ్రా?"

ఎవడూ చూడడని నాకూ తెలుసు.
కానీ ఆ చూసేవాడు
నా టిఫిన్ డబ్బాలోనే అన్నం తిని
నా పక్క సీటులోనే విమానం దిగాడు.
ఈ షెడ్డులో, స్టూలు మీద, ఇప్పుడూ కూర్చున్నాడు.

ట్రాన్స్‌ఫార్మరు మూలిగింది.
కరెంటు కిందికి జారింది, ఆగి, మళ్ళీ వచ్చింది.
హోల్డరు ఎప్పుడు తీసుకున్నానో గుర్తులేదు.
పదిహేడేళ్ళ వయసులో ఇదే నేల మీద
గొంతుక్కూర్చుని నేర్చుకున్న మొదటి గీత
చేతికి ఇంకా గుర్తుంది.
చిట్టెం రాలగొట్టాను.
కింద అతుకు, చీర అంచులా.

అక్కడ ప్రతి అతుకు పక్కనా
నా నంబరు వెయ్యాలి. నాలుగు వందల పదిహేడు.
సుద్దముక్క కోసం చెయ్యి వెళ్ళింది
డ్రమ్ము దాకా.
ఆగింది.

"ఎంతివ్వమంటావు?"
"డబ్బులొద్దు, డబ్బులొద్దు!"
మంచితనం అనుకుంది.
భయం అని ఎలా చెప్పను?
కాగితం పొట్లంలో అరకిలో జీడిబద్దలు
బల్ల మీద పెట్టి డ్రమ్ము ఎక్కించుకుంది.

రాత్రి చూసుకుంటే
వేళ్ళ కొసల మీద నల్లటి జీడి మరకలు.
డ్రమ్ము తిప్పినప్పుడు అంటుకున్నట్టుంది.
విమానాశ్రయంలో గాజుపలక మీద
ఈ వేళ్ళే పెట్టాలి.
చింతపండు రుద్దాను, సున్నం రుద్దాను,
చర్మం పొరలుగా లేస్తోంది.

పొద్దున్న పాలకేంద్రం దగ్గర కనిపించింది దమయంతి.
నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.
"ఇదేటి బావూ? పది రోజులుంటాది, ఊడిపోద్ది.
నా బొటనేలు రేషను మెషీనుకి తెలిసి
మూడేళ్ళయింది.
మా పిల్ల ఏలు పెడతాది."

అంది, పాలక్యాను ఎత్తుకుంది.
డ్రమ్ము తిరుగుతోందా అని అడగబోయాను.
గాలిలో కాలుతున్న పిక్కల వాసన.
ఇంకా ఆరు రోజులు.
పొట్లం మాత్రం
పాస్‌పోర్టు ఉన్న బీరువాలో పెట్టలేదు,
వంటింట్లోనే ఉంది.