సాధ్యమైనంత వరకు

పార్టీ ఆఫీసులో మా విభాగానికిచ్చిన గది
మెట్ల కింద.
పాత ఎన్నికల జెండా కర్రలు, విరిగిన మైకు స్టాండు,
రెండు రెక్కల ఫ్యాను.
'పర్యావరణ విభాగం, విశాఖ జిల్లా' అని
తలుపు మీద చాక్‌పీసుతో నేనే రాశాను.
ఎవరో తుడిచేస్తుంటారు. రాస్తుంటాను.

మేం ఐదుగురం.
కన్వీనరు కోరాడ అప్పలస్వామి,
పోర్టులో ముప్ఫై ఒక్కేళ్లు క్రేను నడిపి
దింపిన బొగ్గునే ఇప్పుడు దగ్గుతున్నాడు.
పెదజాలరిపేట సూరాడ నూకరత్నం
చేపల తట్టతోనే మీటింగుకి వస్తుంది,
ఏటేటా తట్ట తేలికవుతోంది, గొంతు పెరుగుతోంది.
కంబాలకొండ అంచు ఎన్ని అడుగులు వెనక్కి జరిగిందో
ఫోనులో కొలిచి చూపించే కుర్రాడు తేజేశ్వర్.
జ్ఞానాపురం లాజరు మాస్టారు.
నేను కార్యదర్శిని, అంటే
మినిట్సు పుస్తకం నా సంచిలో ఉంటుంది.

మాస్టారు నెలకో తెల్ల రుమాలు తెస్తాడు.
ఒకటో తారీఖున మేడ మీద దండేనికి ఆరేసి
ఏడో తారీఖున తీసి
మూలన పెన్సిల్‌తో తేదీ వేస్తాడు, గాలి ఎటు నుంచి వీచిందో రాస్తాడు.
ఏమీ మాట్లాడడు. బల్ల మీద పరుస్తాడు.
నేను ఆ నెల మినిట్సుకి పిన్ను కొడతాను.
పుస్తకం మూతపడ్డం మానేసి చాలా కాలమైంది.

మొదటేడు పార్టీ మాకొక బ్యానరిచ్చింది:
'ప్లాస్టిక్ వద్దు', ఫ్లెక్సీ మీద అచ్చేసి.
నూకరత్నం చుట్ట చుట్టి పట్టుకెళ్లి
ఎండు చేపల మీద కప్పుకుంది.
"రెండు వానాకాలాలు ఆగింది బావూ,
మీ మేనిఫెస్టో ఒక్కటీ ఆగనేదు."

బీచ్ రోడ్డులో ధర్నా చేసే స్నేహితులు అడుగుతారు,
ఇంకా ఆ లోపల ఏం చేస్తున్నారని.
లోపలివాళ్లు అడుగుతారు,
మీరసలు మనవాళ్లేనా అని.
ధర్నాలో వెనక వరుసలో నిలబడతాం
కండువా సంచిలో దాచుకుని.
ఆఫీసుకొచ్చి కండువా వేసుకుంటాం
ధర్నా కాగితాలు సంచిలో దాచుకుని.
ఎటు తిరిగినా సంచి ఒకటే.

గాజువాక కల్యాణ మండపంలో జిల్లా మహాసభ.
మాది పద్నాలుగో తీర్మానం.
బొగ్గు గుట్టలకు పైకప్పు వేయాలి,
ఎర్రమట్టి దిబ్బల పక్కన తవ్వకం ఆపాలి,
గెడ్డలోకి మురికి వదలకూడదు.
మేం రాసింది ఇంతే.
టైపయి వచ్చేసరికి ప్రతి వాక్యం ముందూ
'సాధ్యమైనంత వరకు' చేరింది.
ఎవరు చేర్చారంటే ఎవరూ చేర్చలేదు.
దుమ్ము లాగే, దానికీ చిరునామా లేదు.

భోజనాల వేళ. పలావు వాసన.
అధ్యక్షులవారు వాచీ చూసుకుంటుండగా
అప్పలస్వామి లేచాడు.
"నాను ముప్ఫై ఒక్కేళ్లు బొగ్గు దింపినాను.
సాద్దెమైనంత వరకూ దింపురా అని
ఎవుడూ సెప్పనేదు.
టన్నులు లెక్కెట్టి దింపించినారు.
ఆ రెండు ముక్కలూ తీసీండి."
ఆ తర్వాత దగ్గు. మైకులో
మండపమంతా ఆ దగ్గే.

చేతులెత్తమన్నారు.
మూడు వందల పైచిలుకు జనంలో
నలభై ఒకటి.
ఓడిపోయాం. పలావుకి లేచారు.

మా ఐదూ పోను ముప్ఫై ఆరు చేతులు.
ఆ రాత్రి బస్సులో ఒక్కో చెయ్యీ గుర్తు తెచ్చుకున్నాను.
గాజులున్నవి, వాచీ ఉన్నవి,
ఓటు సిరా ఇంకా చెరగని గోరు ఒకటి.
మల్కాపురం బూత్ ఇన్‌చార్జి సగం ఎత్తి
అటూ ఇటూ చూసి
తల గోక్కుంటున్నట్టు దింపేశాడు.
అతన్ని నేను లెక్కలోనే ఉంచాను.

ఈ నెల ఏడో తారీఖున మాస్టారు వచ్చాడు.
రుమాలు మీద నైరుతి గాలి.
స్టేప్లర్ నొక్కితే పిన్ను వంగిపోయింది,
పుస్తకం అంత దళసరెక్కింది.
"ఇటీ" అని లాక్కుంది నూకరత్నం,
కొప్పులోంచి వల కుట్టే సూది తీసి,
తట్ట అంచున చుట్టుకున్న నైలాను దారం తెంపి.