ఇతరములు

చిక్కడపల్లి సందులో నాది డీటీపీ షాపు.
పెళ్లి కార్డు, టు-లెట్ బోర్డు, పదకొండో రోజు పిలుపు.
ఎవరి సంతోషమైనా ఎవరి దుఃఖమైనా
నాకు పద్నాలుగు పాయింట్ల అక్షరమే.

ముసురు పట్టిన మధ్యాహ్నం
లాడ్‌బజార్ నుంచి ఖుర్షీదా ఆపా వచ్చింది.
చంకలో ప్లాస్టిక్ కవరు,
కవర్లో ముప్పై నాలుగు పేజీల ఒప్పందం.
"ఉర్దూది ఛత్తాబజార్ల చేపిచ్చుకుంట బేటా,
తెలుగుల నువ్వు ఒక్క పేజీ చెయ్యి.
సంఘంల అందరికి సమజ్ కావాలె."

ఒకసారి చదివాను, మరోసారి చదివాను.
ఏ దేశం సరుకుకి ఏ యేడు ఎంత సుంకం తగ్గాలో
ఎక్కడో కూర్చుని ఎవరో గీసుకున్న గళ్లు.
ఎల్లిగడ్డకో నంబరు, పాలపొడికో నంబరు,
జరీ పోగుకి కూడా ఎనిమిది అంకెలు.

"మాదేది?"
ఇద్దరం వేలు పెట్టి వెతికాం.
ఆమె వేలి కొసలు నున్నగా ఉన్నాయి.
నలభై ఏళ్లుగా వేడి లక్కని ఒత్తీ ఒత్తీ
గీతలన్నీ అరిగిపోయాయి.
రేషన్ షాపు మెషిన్ ఆ వేలిని గుర్తుపట్టదు.
ఆ కాగితమూ పట్టలేదు.
లక్క గాజు అన్న మాటే లేదు అందులో.
ఎనిమిది అంకెలు,
పక్కన 'ఇతరములు'.

ఆపా గట్టిగా నవ్వింది.
"బొగ్గుల కుంపటి ముంగట ముసలిదాన్నయిన,
ఇయ్యాల తెల్సింది నా పేరు."

చివరి గడిలో, పదో యేడు కింద, సున్నా.
గుండ్రంగా, అచ్చం గాజులా.
తొడుక్కునే చెయ్యి మాత్రం ఎవరిదో.

సుంకం అని కొట్టాను. "తీసెయ్" అంది.
"సుంకమంటే ఎవనికెరుక? దర్వాజ అని రాయి.
దర్వాజ తెరవొద్దంటలేం.
గొళ్లెం మా దిక్కు గూడ ఉండాలె అంటున్నం.
గంతే."
నా ఇరవై లైన్లు చెరిపేసి
ఆ మూడు వాక్యాలే ఉంచాను.
మూడొందల బిల్లులో సగం తీసుకున్నాను,
మిగతాది అడగబుద్ధి కాలేదు.

శనివారం మీటింగుకి నేనూ వెళ్లాను,
ఎందుకో సరిగ్గా చెప్పలేను.
అరవై కుర్చీలు, ఇరవై మూడు మంది.
అత్తాపూర్ పాల సంఘం పోచిరెడ్డి బర్రెల అప్పు గురించి,
కోఠిలో మందుల షాపు శేషశయనం
పేటెంటు పెరిగితే గోలీ ధర ఎంతకెళ్తుందో చెప్పారు.
గాజుల దుకాణం వహీద్ లేచాడు:
"నా షెల్ఫ్‌ల సగం బయటి మాలే.
గిరాకీ చవక అడుగుతది. నేనేం జెయ్యాలె?"
ఎవరూ జవాబు చెప్పలేదు.
చాయ్ చల్లారింది.
ఆ ప్రశ్న నాతో పాటు సిటీ బస్సెక్కింది.

మాదాపూర్‌లో పెద్ద హోటల్, చర్చలు.
మెట్రో మెట్ల దగ్గరే ఆపేశారు మమ్మల్ని.
"పర్మిషన్ లేదమ్మా" అన్న కానిస్టేబుల్
ఒక కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.
రెండు వేలు అచ్చేస్తే
పదహారు వందలు వెనక్కి.

పారెయ్యలేదు ఆపా.
వారం తర్వాత వెళ్తే
వహీద్ గల్లా పక్కన కరపత్రాల కట్ట.
అమ్మిన ప్రతి జోడు లక్క గాజులూ
ఆ మూడు వాక్యాల్లో చుట్టి ఇస్తున్నాడు.
"పొట్లం కాయిదం ఖర్చు తప్పింది" అని నసిగాడు.

అప్పుడే ఒక తెల్లజుట్టావిడ,
మెడలో నీలం తాడు, తాడుకి బ్యాడ్జి,
హోటల్ కారు దిగి వచ్చి
ఆకుపచ్చవి రెండు జోళ్లు బేరమాడకుండా కొంది.
ఏ దేశమో అడగలేదు.
వహీద్ నా వైపు చూశాడు.
నేను ఆపా వైపు.
ఆపా చూపు కుంపటి మీద.

పొట్లం ఆమె తోలు సంచిలోకి వెళ్లిపోయింది,
ఆ ముప్పై నాలుగు పేజీల పక్కకే కావచ్చు.
తెలుగు రాదు, చదవలేదు.
గాజు వేసుకోవాలంటే మాత్రం
మడత విప్పాలి.