ఎడమ మర

ముర్గాబ్‌లో గాలి పలచన.
ఇంజనుకీ ఊపిరాడదు, మనిషికీ ఆడదు.
బంగాళదుంప ఉడకడానికే ఒక పూట.
ఇక్కడ బండి ఆగిపోతే
వెనక వచ్చే బండి రేపు రావచ్చు,
ఎల్లుండి రావచ్చు.

అందుకే మా డ్రైవర్లకి తలా ఒక గుట్టు.
పెట్రోలు పంపు కాగిపోతే తడిగుడ్డ చుట్టాలని ఒకడికి తెలుసు.
రేడియేటరు కారితే గుప్పెడు ఆవపిండి పోయాలని ఇంకొకడికి.
ఆ ఆవపిండి పోయి పోయి
తర్వాత ఏ గొట్టాన్ని మూసేస్తుందో
మూడోవాడికి మాత్రమే తెలుసు.
ముగ్గురూ ఒకే రోజు ఒకే రోడ్డు మీద
ఎప్పుడూ ఉండరు.

బజారులో ఇనప కంటైనరు, అదే నా విడిభాగాల కొట్టు.
ఆ చలికాలం బేరాల్లేక
ఫోనులో రాయడం మొదలుపెట్టాను:
ఏ బండి, ఏం జబ్బు, ఏం చేశారు, ఎవరు చెప్పారు.
ఖొరోగ్ నుంచి నవ్‌రూజ్‌మో తన వంతు చేర్చింది.
ఓష్ నుంచి తక్తసున్, మాటలు రానివాడిలా,
ఉత్త ఫొటోలు పంపాడు: కాలిన క్లచ్ పళ్ళేలు, పదిహేడు.
ఎవరైనా తెరవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు.
ఒకటే కట్టుబాటు. తప్పుని చెరపకూడదు,
గీత కొట్టి పక్కన రాయాలి.

ఒదిల్‌బెక్ నవ్వాడు.
నలభై ఏళ్ళు ట్రక్కుల కింద పడుకున్నవాడు.
"పాలు ఊరికే పోసేవాడి జడలబర్రెకి
గడ్డి ఎవరేస్తారమ్మా?"
నేను మారు మాట్లాడలేదు.
ఆయన వాల్వులు సర్దితే ఒక బస్తా పిండి.
ఇంట్లో తినే నోళ్ళు తొమ్మిది.

మార్చిలో ఎవరో రాశారు:
పాత ట్రక్కు ఎడమ చక్రం నట్లు కూడా
కుడి పక్క వాటిలాగే తిప్పాలి, అని.
అది చదివిన కుర్రాడొకడు
ఆక్‌బైతాల్ కనుమ మీద, మంచులో,
పానాకి గొట్టం తగిలించి, దాని మీద ఎక్కి తొక్కి
మూడు స్టడ్లు విరగ్గొట్టాడు.
వాణ్ణి దించుకొచ్చింది ఒదిల్‌బెక్కే.

రాత్రి నా తలుపు మీద పిడికిలి.
"ఎవడు రాశాడది?"
"తెలీదు."
"దిద్దు."
"మీరే దిద్దండి," అని ఫోను చేతికిచ్చాను.

బొటనవేలు అద్దం మీద పెట్టాడు.
పగుళ్ళు, పగుళ్ళలో గ్రీజు.
అద్దం కదల్లేదు.
మళ్ళీ నొక్కాడు. ఆ వేలు వేలే కాదన్నట్టు
అక్షరమొక్కటీ లేవలేదు.
సరే, ఆయన చెప్పాడు, నేను కొట్టాను:

'ఎడమ పక్కది ఎడమ మర.
బిగిస్తున్నట్టు తిప్పితేనే వదులవుతుంది.'

లేచి వెళ్ళిపోతాడనుకున్నాను.
వెళ్ళలేదు.
స్టడ్డు మందం ఏ ఏడాది మారిందో చెప్పాడు.
స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి
బేరింగు ఏడుపు ఎలా వినాలో చెప్పాడు.
ఉప్పు టీ మీద మీగడ తొరకకట్టింది.
ఒకచోట ఆగి "ఇది రాయకు" అని
ఇంకేదో కూడా చెప్పాడు.
రాయలేదు. ఇక్కడా రాయను.

'ఎవరు చెప్పారు' అన్నచోట ఆయన పేరు పెట్టబోతే
"షీరీన్‌బెక్ అని పెట్టు,
ఎడమ మర మరిచిపోయానని
ఇదిగో, ఇక్కడ, పానాతో కొట్టినవాడు," అని
టోపీ తీసి మచ్చ చూపించాడు.

ఇప్పుడు అందులో ఆరువందల పైచిలుకు జబ్బులున్నాయి.
ఒకదానికి మాత్రం మందు లేదు:
ఖాళీ బండి, రెండో గేరు, దిగుడు,
నేల కింద చంటిపిల్ల దగ్గినట్టు ఒక చప్పుడు.
నాదీ అంతే అని పదకొండు మంది రాశారు,
బొలీవియా కొండల మీంచి ఒకడు కూడా.
'ఏం చేశారు' గడి ఖాళీ.

ప్రతి శుక్రవారం ఒదిల్‌బెక్ వస్తాడు.
ఏమీ కొనడు.
గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటూ,
ఎటో చూస్తూ అడుగుతాడు:
"ఎవరైనా రాశారా?"